సున్నం పట్టిన ఏసీ

మే నెల, శనివారం రాత్రి

పట్టుపురుగుల గదిలో ఏసీ పొద్దున్నించి చల్లగా రాలేదు. నేను నంబరు తగ్గిస్తానే పోయినా. తగ్గించేకొద్దీ గది ఇంకా ఉడికిపోయింది. మా ఆయన గోరంట్లకు పోయి మెకానిక్‌ను పిల్చుకొచ్చేసరికి సాయంత్రమయింది.

మూత తీస్తే ఫిల్టర్ జాలి కనపడనే లేదు, సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాది. దాని వెనక మంచు గడ్డకట్టుంది.

"ఏమక్కా, ఇంత సున్నం యాడిది?" అన్నాడు మెకానిక్.

యాడిదంటే, నేను చల్లిందే. పురుగులు పొర విడిచే ముందర మేత మాని కదలకుండా పండుకుంటాయి, దాన్నే మేం జ్వరం అంటాం. అప్పుడు వాటి పడక ఆరాలని సున్నం పొడి చల్లాల కదా. ఏసీ దాన్నంతా పీల్చుకుంటాదని నాకేం తెలుసు?

"గాలి లోపలికి పోకుంటే మంచు కడతాదక్కా. నువ్వు తగ్గించేకొద్దీ ఇంకా కడతాది" అని చెప్పి, మంచు కరిగినంక జాలి కడిగి బిగించి పోయినాడు. ఇప్పుడు గది చల్లగానే ఉండాది. ఏసీకేం, కడిగితే బాగయింది.

పురుగులు మాత్రం కదలకుండా ఉండాయి. జ్వరంలో ఎప్పుడూ అట్లే ఉంటాయి. అయినా, పొద్దంతా ఆ ఉడుకుకు చచ్చిపోయుంటే? ఒకదాన్ని కదిలించి చూడబోయినా.

"ముట్టుకోవద్దు. బతికుండేది కూడా పోతాది" అన్నాడు మా ఆయన. ఆయన గొంతులోనూ పస లేదు.

పొద్దునకు జ్వరం విడిస్తే ఆకలితో లేస్తాయని మల్బరీ ఆకు కోసి, తడి గోనెపట్ట కప్పి పెట్టినా, తినేటివి ఉండాయో లేదో తెలీకుండానే.