పళ్లెం చప్పుడు

మిన్ భాయ్,

బతికున్నప్పుడే నీకు తెలుగు చదవడం రాదు. అయినా రాస్తున్నాను. నువ్వు పోయి నేటికి ఏడాది. ఇక్కడ గల్ఫ్‌లో, మన సోహార్ లేబర్ క్యాంపులో నీ మంచం ఒక నేపాలీకి ఇచ్చారు. మంచివాడే.

మొదటిసారి నువ్వు మెస్సులో పళ్లెం మీద గరిటెతో బాదినప్పుడు, అన్నం ఆలస్యమైందని గొడవ చేస్తున్నావనుకున్నాం. వంట రాజన్న లోపలి నుంచి కసిరాడు: "ఆగు భాయ్, ఉడుకుతున్నది!"

బర్మాలో దయ్యాన్ని తరమడానికి గిన్నెలు మోగిస్తారని, ఇప్పుడు ఓట్లేసి గెలిపించుకున్న సర్కారును కూల్చిన మిలిటరీని తరమడానికి మోగిస్తున్నారని నీ హిందీలో చెప్పావు. తర్వాత రోజూ మోగించేవాడివి. రాజన్న రోజూ అదే మాట నవ్వుతూ అనేవాడు.

శుక్రవారాలు ఫోన్ లైవ్‌లో దేశదేశాల్లోని మీవాళ్లతో మాట్లాడేవాడివి. అది చూసి మీ ఎంబసీ నీ పాస్‌పోర్టు రెన్యువల్ చేయలేదు. నువ్వు పోయాక ఇంటికి పంపలేక, నిన్ను ఇక్కడి మట్టిలోనే పెట్టాం.

ఈరోజు టోక్యోలో మీవాళ్లు నీ ఫోటో పట్టుకుని వీధిలో గిన్నెలు మోగించారు. వీడియో చూశాను. డ్యూటీ దిగి మెస్సుకొచ్చి, నేనూ పళ్లెం మీద గరిటెతో కొట్టాను.

"ఆగు మిన్ భాయ్, ఉడుకుతున్నది," అన్నాడు రాజన్న లోపలి నుంచి.

తర్వాత బయటికొచ్చి నన్ను చూశాడు. అన్నం వడ్డించాడు.

తిన్నాను.