రెండో సంతకం

2022 మే 16

మిల్లు మూసేస్తున్నారు. మేనేజర్ క్రిచర్ క్యాంటీన్‌లో నిలబడి చెప్పాడు. ఆర్డర్లు లేవట. జూన్ ఆఖరుకి మా సాక్సుల మిల్లు ఉండదట. అందరూ తిండి సగంలో వదిలేసి లేచారు. ప్యాకింగ్‌లో పనిచేసే మా వర్లా వదిన మాత్రం శాండ్‌విచ్ చివరి ముక్కదాకా తిని లేచింది. పస్తుంటే వాడికేం నష్టం అంది.

మే 19

ఆర్డర్లు లేవన్న నోటితోనే ఇవాళ ఓవర్‌టైమ్ చేయమన్నాడు.

మే 24

హోండురాస్ నుంచి మరిసేలా అనే అమ్మాయి వచ్చింది. ఊరికే చూసి పోవడానికని చెప్పి, క్రిచర్ ఆమెను తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. సాక్సుకి వేళ్ల దగ్గర మూతి కుట్టే మెషీన్ నాది. నేర్పమన్నాడు. నేర్పాను. చురుకైన పిల్ల. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

భోజనాల వేళ ఫోన్‌లో తన భాషలో ఏదో చెప్పి, ఇంగ్లిషులోకి మార్చి నాకు వినిపించింది. వాళ్ల దగ్గర కొత్త షెడ్డు సిద్ధమైందట, ఈ మెషీన్ల కోసమే చూస్తున్నారట. తర్వాత ఇంకో ప్రశ్న.

"మిమ్మల్నందరినీ ఎక్కడికి మారుస్తున్నారక్కా?"

నేను భోజనం డబ్బా మూసి మెషీన్ దగ్గరికి వెళ్లిపోయాను.

మే 27

ఉపాధి ఆఫీసుకి వెళ్లాను. అక్కడ మిస్ పింక్నీ అని ఒకావిడ ఉంది. పని విదేశాలకు తరలిపోయి ఉద్యోగం పోయినవాళ్లకు సర్కారు సాయం ఉందట. కొత్త పని నేర్పిస్తారు, నేర్చుకున్నంత కాలం వారం వారం కొంత ఇస్తారు. మిల్లులో పనిచేసే ఇద్దరు కలిసి అర్జీ మీద సంతకం పెట్టాలి. వాషింగ్టన్ వాళ్లు విచారించి, మిల్లు మొత్తానికి అర్హత ఉందో లేదో తేలుస్తారు. అయితే ఆ చట్టానికి జూన్‌తో గడువు తీరిపోతుందట. పొడిగిస్తారో లేదో ఎవరికీ తెలియదు. ఆవిడ గొంతు తగ్గించింది.

"త్వరగా పంపండమ్మా. జూన్ దాటితే దేవుడే దిక్కు."

కమ్యూనిటీ కాలేజీలో, పరీక్షలకి రక్తం తీయడం నేర్పే కోర్సు ఉంది. నా చెయ్యి వణకదు. అది నేర్చుకుంటాను.

మా అన్న ఓడెల్ మిల్లులో మెకానిక్. రెండో సంతకం తనే పెడతానన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక.

మే 29

అన్న చర్చికి రాలేదు.

మే 31

నేనే వాళ్లింటికి వెళ్లాను. క్రిచర్ అన్నను పిలిపించాడట. హోండురాస్ వెళ్లి మెషీన్లు బిగించే పని, ఆర్నెల్లు. సంతకం గురించి వాళ్ల మధ్య మాటే రాలేదట.

"నువ్వూ ఊరుకో నెల్డా. మీ చెల్లెలి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. మళ్లీ అదే అడిగాడు."

నాకు ఏ జబ్బూ లేదు.

జూన్ 3

రెండో సంతకానికి ఎవరిని అడిగినా చూద్దాంలే అంటున్నారు. పార్కింగ్‌లో నన్ను చూడగానే కార్లలోకి ఎక్కేస్తున్నారు.

జూన్ 8

నా కార్డుకి గేటు తెరుచుకోలేదు. చిన్నప్పటి నుంచీ నన్ను ఎరిగిన గార్డు, కార్డు పాడైందేమో అన్నాడు, నా మొహం చూడకుండా. వానలో నిలబెట్టి, ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి, అప్పుడు తెరిచాడు. లోపల నా మెషీన్ లేదు. అది ఉన్నచోట నేల మాత్రం కొత్తగా, తెల్లగా ఉంది. మరిసేలా కూడా లేదు. ఏం చేయమంటారని క్రిచర్‌ని అడిగితే, ఊడవమన్నాడు. ఊడిచాను.

జూన్ 10

నిన్న అన్న విమానం ఎక్కాడు. ఇవాళ పొద్దున్నే వదిన వచ్చింది. అర్జీ బయటికి తియ్యి, నేను పెడతాను సంతకం అంది. అన్నకి తెలిస్తే అన్నాను.

"మీ అన్నకి ఉద్యోగం ఉంది. నాకేదీ? ఇన్నేళ్లూ నేను ఆ మిల్లుకి చుట్టంచూపుగా వెళ్లానా?"

సంతకం పెట్టింది. ఇద్దరం వెళ్లి పింక్నీ చేతికిచ్చి వచ్చాం.

జూన్ 21

విచారణ అంటే వాళ్లు ముందు కంపెనీనే అడుగుతారట. పింక్నీ చెప్పలేదు. నేనూ అడగలేదు. అర్జీ ఎవరు పెట్టారో క్రిచర్‌కి తెలిసిపోయింది. హోండురాస్‌లో అన్నను పని మాన్పించి ఇంటికి వెళ్లిపొమ్మన్నారు.

జూన్ 23

అన్న వచ్చాడు. వదిన సామాన్లతో మా ఇంటికి వచ్చేసింది. ఏమన్నాడని అడిగితే, ఏమీ అనలేదు, అదే భయంగా ఉంది అంది.

జూన్ 30

మిల్లు ఆఖరి రోజు. గేటుకి గొలుసు వేశారు. చట్టం పొడిగించినట్టు వార్తల్లో ఎక్కడా లేదు.

జూలై 5

వదినా నేనూ పింక్నీ దగ్గరికి వెళ్లాం. మా అర్జీ చేరిందట. విచారణ మొదలైందట. ఇంతలో గడువు తీరింది, ఇప్పుడు తేల్చే అధికారం ఎవరికీ లేదట. కాదనలేదు. అవుననలేదు. అది అక్కడే ఉంటుందట. ఎన్నాళ్లు అని వదిన అడిగింది. పింక్నీ చాలాసేపు టేబుల్ సర్దుకుంది. తన ఉద్యోగం కూడా ఆ పథకం కిందిదేనట.

జూలై 19

కుర్చీల ఫ్యాక్టరీ వాళ్లు ఇద్దరు మా గుమ్మంలోకి వచ్చారు. అర్జీ ఎలా పెట్టాలో చెప్పమన్నారు. మీదీ మూసేస్తున్నారా అని అడిగాను. ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదన్నారు. లోపలికి రమ్మన్నాను.

ముందు తలుపు వెయ్యమన్నారు.