బంగారు పళ్ల కింద

చెల్లీ బురుల్చా, ఓష్ పట్నంలో నేను కులాసాగానే ఉన్నాను, అమ్మను కంగారు పడొద్దను.

ఆయాసానికని వస్తే డాక్టరమ్మ ఛాతీ విని, నోరు తెరవమంది. "ఈ బంగారు తొడుగుల కింద చిగుళ్లు చీము పట్టాయి. ఆ క్రిములు లోపలికి జారితే ఊపిరి గొట్టాలు వాస్తాయి. నీ ఆయాసం పెరిగింది అందుకేనేమో. ముందు వీటిని తీయించు, పీల్చే మందు మాత్రం మానకు" అంది.

"నేను ఛాతీ కోసం వచ్చానమ్మా" అన్నాను.

"ఆ ఛాతీకి గాలి ఈ నోట్లోంచి కూడా పోతోంది కదక్కా" అంది.

నాకింకా అయోమయంగానే ఉంది. నా పెళ్లికి అమ్మ ముచ్చటపడి, మంచి పళ్లనే అరగదీయించి వేయించిన బంగారమిది. తీయించుకుని వస్తే ఏమంటుందో.

నా ఉన్ని శాలువా ఎవరిచేతనైనా పంపు. గొర్రెలను కొండ మీదికి తోలారా? పిల్లలు చల్లగా ఉండాలి.

అన్నట్టు, అమ్మ దగ్గుకు పొయ్యి పొగే కారణం అనుకున్నాం. ఈ మధ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంటే, ఈ వయసులో సిగ్గొచ్చిందని వేళాకోళమాడాం కదూ. ఒకసారి ఆ చెయ్యి తీయించి చిగుళ్లు చూడవే.

మీ అక్క సైరాకుల్