ఘాటు రాని మిరపకాయలు

షాదీపూర్, అండమాన్. ఆదివారం రాత్రి.

వైజాగ్ హాస్టల్లో నాకు టైఫాయిడ్ వస్తే, రక్తపరీక్ష కాకముందే వార్డెన్ మేడమ్ "మీ అండమాన్ నుంచి మలేరియా మోసుకొచ్చావు" అంది. షిప్పెక్కి ఇంటికొస్తే, పక్కింటి పెద్దమ్మ దీన్ని మెయిన్‌ల్యాండ్ దిష్టి అంటోంది. జ్వరం ఎవరిదో తేల్చుకోవడమే అందరికీ కావాలి. నా చదువు ఎవరికీ పట్టదు.

సాయంత్రం అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఘాటు రాలేదు.

"సూసావా? బస్, సదువు సాలు. ఇంక ఆ వైజాగ్ ఎల్లక్కర్నేదు," అంది పెద్దమ్మ. అమ్మ కూడా తలూపింది.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల చదువుని గుప్పెడు మిరపకాయలు తేలుస్తాయా? ఘాటొచ్చినట్టు గొంతు చించుకుని దగ్గాను. కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాను.

పెద్దమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, ఇప్పుడు దగ్గు కూడా పట్టుకున్నాది!"

వాకిట్లో వల బాగుచేసుకుంటున్న నాన్న తలెత్తకుండానే అన్నాడు. "దొంగదగ్గు అంత గట్టిగా దగ్గిందంటే ఒంట్లో బలం వొచ్చీసినట్టే. వొచ్చే షిప్పుకి ఎక్కించేస్తాను."

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. అయినా పెట్టె సర్దేశాను. ఈసారి ఎండుమిరపకాయలు కూడా పెట్టుకున్నాను. వెళ్లగానే ముందు వార్డెన్ మేడమ్‌కి దిష్టి తీయాలి.