ప్రయాణం కవరు

చిట్టి వాళ్ళ నాన్నగారికి వందనాలు చేసి రాయునది,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. అత్తయ్యకి మోకాలి వాపు తగ్గింది. చిట్టికి ముందు పన్ను ఊడింది, నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. మీరూ అక్కడ వంతెన పనిలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమం వరకే నేను రాయగలను. కులాసా ఏపాటిదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

కిందటి ఉత్తరంలో మీరు అడిగినవాటికి ముందు జవాబులు. మీ వెల్డింగు సామాను పెట్టె అటక మీదే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. వంటింటి కప్పు కారడం ఆగింది. ప్రయాణం కవరు నిండిందా అని అడిగారు. నిండింది. దాని సంగతి చివర చెబుతాను.

"అప్పుల బడి ఎలా సాగుతోంది, పాసవుతావా?" అని ఎగతాళి చేశారు కదా, అదీ చెబుతాను. ప్రార్థన మందిరం మేడ మీది గదిలో, ఆదివారం పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీల్లో కూర్చోబెట్టారు మమ్మల్ని. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే అప్పుల గురించి వినడంలో ఒక న్యాయం ఉందిలెండి. పాఠాలు చెప్పింది అక్కయ్యే, అంటే మీ వదినగారు. డబ్బు చేతికి రాగానే కవర్లలో పంచెయ్యాలి. అద్దెకొకటి, సరుకులకొకటి, కానుకకొకటి. ఏ కవరు ఖాళీ అయితే ఆ ఖర్చు అక్కడితో బంద్. ఎవరికీ జామీను ఉండొద్దు. ఆలుమగల మధ్య డబ్బు దగ్గర దాపరికం ఉండొద్దు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు భలే మెత్తబడేది.

ప్రతి శనివారం పాఠానికి ముందు ఆవిడ సాక్ష్యం ఉండేది. లారీ మీద చేసిన అప్పు పీకల దాకా వచ్చిందట. తనూ బావగారూ మోకాళ్ళ మీద పడి ప్రార్థించారట. ఏడాది తిరక్కుండా దేవుడు ఆ కాడి విరగ్గొట్టాడట. విన్న ప్రతిసారీ నా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. మనకూ అలాంటి రోజు వస్తుందని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేదాన్ని.

ఒకరోజు ఆవిడే నా భుజం మీద చెయ్యి వేసి, "నీకు బాగా ఇష్టమైందేదో అదే ముందు అమ్మెయ్ చెల్లీ. దేవుడు రెండింతలు తిరిగిస్తాడు" అంది. కుట్టుమిషను అమ్మేశాను. బాధపడతారని మీకు రాయలేదు. యూనిఫారాల కొట్టావిడ కొనుక్కుంది. అప్పట్నించీ రోజూ ఆ కొట్టుకి వెళ్ళి, నా మిషను మీదే కూలికి కుడుతున్నాను. దాని పెడలు కాస్త ఎడమకి లాగుతుందని నాకొక్కదానికే తెలుసు. తక్కినవాళ్ళు దాన్ని విసుక్కుంటుంటే, పక్కింటివాళ్ళు మన పిల్లని తిట్టినట్టుండేది.

ఆ బడిలో ఇంకో నియమం ఉంది. అప్పిచ్చినవాళ్ళకి ముఖం చాటెయ్యకూడదు. మనమే వెళ్ళి, ఆలస్యానికి మన్నించమని అడిగి, ఎప్పటికి తీరుస్తామో నోటితో చెప్పి రావాలి. మనకి అప్పిచ్చిన ఇనుప సామాన్ల కొట్టాయన దగ్గరికి వెళతానంటే అక్కయ్య కంగారు పడింది. "ఆయన నోరు మంచిది కాదు. మరిది వచ్చాక చూసుకుంటాడులే" అంది. నా మీద ప్రేమనుకున్నాను, వెర్రిదాన్ని.

వెళ్ళాను. మేకుల డబ్బాల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టారు. దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలే చెప్పాను. "మా ఆయన అతికిన ట్యాంకు కారి, ఆ నష్టం ఆయన నెత్తినే పడితే మీ దగ్గర తీసుకున్నాం. ఆలస్యమైంది, మన్నించండి."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "ట్యాంకేంటమ్మా? అది మీ బావగారి లారీ బాకీ కదా! అన్నయ్య బాకీ నా పేరున రాసుకోండి, నేను కడతానని మీ ఆయనే వచ్చి చెప్పాడు. మీ తోడికోడలు కూడా వచ్చింది, ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చుంది. నీకు తెలీదా?"

"తెలుసండీ, మర్చిపోయాను" అన్నాను. ఆ క్షణంలో కూడా మీ పరువు కోసం అబద్ధం ఆడింది నేనే చూడండి.

ట్యాంకూ లేదు, కారడమూ లేదు. ఆ రోజు మీరు కంచం ముందు తల దించుకుని కూర్చుంటే, "చేతిపని అన్నాక ఎప్పుడో ఒకసారి తప్పుతుంది, దిగులు పడకండి" అన్నాను. అప్పట్నించీ మీ చేతుల కోసం ప్రార్థన చేస్తున్నాను, మళ్ళీ అతుకు తప్పకుండా చూడమని. పక్కనే కూర్చుని అది వింటూ కూడా మీకు నోరు పెగల్లేదా? బావగారు మిమ్మల్ని పెంచి పెద్దచేశారు. ఆ రుణం సంగతి నాకు తెలియదా? ఒక్క మాట అడిగుంటే ఆ మిషను నా చేత్తో నేనే తీసిచ్చేదాన్ని. మీరు అడగలేదు. మీరూ మీ వదినగారూ కలిసి తడిగుడ్డతో గొంతు కోశారు. ఆవిడ పరాయింటి నుంచి వచ్చింది, పోనీ అనుకుంటాను. మీరో?

చివరి శనివారం నేర్చుకున్నవాళ్ళ సాక్ష్యాలు. అత్తయ్య, బావగారు ముందు వరసలో ఉన్నారు. అక్కయ్య నన్ను లేపి, "ఇప్పుడు మా చెల్లి మాట్లాడుతుంది" అంది.

"అక్కయ్య వాళ్ళ అప్పు తీర్చినందుకు దేవుడికి స్తోత్రం" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎవరి చేత తీర్పించాడో నాకు మొన్ననే తెలిసింది. మా ఆయన చేత. ఆ అప్పు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. దాని కోసమే నేను మిషను అమ్ముకున్నాను" అన్నాను.

బావగారు కిటికీ వైపు తిరిగారు. "ఇంటి విషయాలు ఇక్కడెందుకు చెల్లీ?" అంది అక్కయ్య.

"దాపరికం వద్దని మీరే కదా చెప్పారు" అన్నాను.

అత్తయ్య నాతోనే ఇంటికొచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "నాక్కూడా చెప్పలేదే వాడు" అని మాత్రం అంది. ఆ మాటకి ఏడ్చాను. అంతకు ముందు ఏడవలేదు.

ఇక ప్రయాణం కవరు. మీ రానూపోనూ ఛార్జీల కోసం సరుకుల డబ్బులోంచి గిల్లి గిల్లి నింపాను దాన్ని. సెలవులకి నాన్న వస్తాడని చిట్టి దాని మీద బస్సు బొమ్మ వేసింది. నిన్న ఆ కవరు చించాను. కొట్టావిడ మంచిది, కొన్న ధరకే మిషను తిరిగిచ్చింది. కిటికీ పక్క దాని చోట దాన్ని పెట్టుకున్నాను. ఈ ఉత్తరం దాని మీదే రాస్తున్నాను.

బస్సు బొమ్మ ఉన్న ముక్క చిట్టి దాచుకుంది. నాన్న ఎప్పుడొస్తాడని అడిగింది. పెదనాన్న ఛార్జీలు పంపినప్పుడు అని చెప్పాను. మీరూ ఆయన్నే అడగండి.

ఇట్లు,
చిట్టి వాళ్ళ అమ్మ