తడి కుండ

సరోజా,

ఆ రోజు పొద్దున నువ్వు రాగిజావ కాచావు. సూది వేసుకున్నానని చెప్పి నాకు క్యారియర్ కట్టిచ్చావు. సాయంత్రానికి ఆస్పత్రిలో పోయావు. ఖర్చు తగ్గించాలని సగం మందే వేసుకుంటున్నావని తర్వాత ఇన్సులిన్ సీసా చూస్తే తెలిసింది.

ఇవాళ్టికి ఏడాది. పక్కింట్లో మగ్గం నేసే లక్ష్మక్క కూడా సగమే వేసుకుంటోందని ఇవాళే తెలిసింది. తిరువళ్ళూరు పెద్దాస్పత్రిలో ఊరికే ఇస్తారని చెప్పాను.

"ధర్మం మందుకు వరసలో నిలబడాల్నా? నాకేం ఖర్మ తమ్ముడా?"

"మా సరోజ పోదామనే అన్నింది అక్కా. ఆఫీసోళ్ళు చూస్తారని నామోషీ పడింది నేనే."

ఆమె మగ్గం ఆపింది. "సరే, తెచ్చినాక యాడ పెట్టేది? మా ఇంట్లో ఫ్రిజ్జా పాడా?"

నువ్వు సీసా చల్లగా దాచుకున్న మట్టికుండ తెచ్చి ఇచ్చాను.

"ఏంది, ఇంకా తడిగా ఉండాది?"

రోజూ తడుపుతున్నానని ఆమెకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

రేపు పొద్దున లక్ష్మక్కతో కలిసి తిరుత్తణిలో మొదటి రైలు ఎక్కుతాను. ఆస్పత్రి వరసలో ఆమె పక్కనే నిలబడతాను.