అక్షయ పాలపన్ను

బచ్చన్నపేట,
24 అక్టోబర్ 2011

డాక్టర్ గారికి నమస్కారం.

ఏడేళ్ల మా అక్షయకు పైదవడ పాలపన్ను లోతుగా పుచ్చిపోతే మీరు లోపల మందు పెట్టి, వారంలో మళ్లీ తీసుకురమ్మన్నారు. నేను తీసుకురాలేదు. ఆర్టీసీ డ్రైవర్‌ను. తెలంగాణ కోసం సమ్మెలో ఉన్నాను. ఆటో దొరికేది. కానీ మీ దగ్గరికి వచ్చే జనగామ రోడ్డు మీద సమ్మె కోసం ఆటోలను ఆపినవాళ్లలో నేనూ ఉన్నాను. నా బిడ్డ కోసం ఒకదాన్ని వదలమని అడగలేకపోయాను.

నొప్పి ఉందా అని అక్షయను రోజూ అడిగేవాణ్ణి. "నొప్పి లేదు బాపూ" అనేది. మా అమ్మ కూడా, "పాలపన్నే గదరా, ఊడిపోయేదానికి గింత పరేషాన్ ఎందుకు?" అన్నది.

సమ్మె ముగిసేసరికి చెంప వాచి కన్ను మూసుకుపోయింది. వరంగల్‌లో పన్ను తీసేశారు. ఆ చోట రావలసిన అసలు పన్ను మొలకకు కూడా చీము పట్టిందన్నారు.

నొప్పి ఎందుకు దాచావని అక్షయను అడిగాను. "చెప్తే నువ్వు బస్సు తీస్తవు గదా బాపూ, అందరు నిన్ను తిడతరు" అన్నది.

గురువారం నా బస్సులోనే తీసుకొస్తాను. ఆ పన్ను వస్తుందో రాదో మీరు చూసి నాకు ఒక్కడికే చెప్పండి. వస్తుందని తనకు ఇప్పటికే చెప్పేశాను.

ఇట్లు,
అక్షయ తండ్రి